స్టార్టరు పెట్టెకు రబ్బరు బుష్షు ఏదీ?

పిల్లలూ! వ్యవసాయ మోటార్ల దగ్గర, ఇనుప స్టార్టరు పెట్టె పక్కన నల్లని పుల్లలాంటిది ఒకటి నిలబడి ఉండడం మీలో కొందరు చూసే ఉంటారు. అది ఆంటెన్నా. పెట్టె లోపల సిమ్ కార్డు వేసిన మోడెమ్ ఉంటుంది. రైతు ఇంటి నుంచి ఫోను చేస్తే మోడెమ్ ఆ కబురు అందుకొని మోటారును నడిపిస్తుంది. అర్ధరాత్రి పొలానికి పరుగెత్తే బాధ, పాముల భయం తగ్గాయి. మంచి సాధనమే. దాన్ని బిగించే తీరు మీదనే నా అభ్యంతరం.

ఆంటెన్నా బయటే ఎందుకుండాలి? చుట్టూ లోహం కప్పి ఉంటే బయటి విద్యుత్ ప్రభావం లోపలికి చేరదని మైకేల్ ఫారడే 1836లో, లోహపు రేకు తొడిగిన గదితో చూపించాడు. మూసిన ఇనుప పెట్టెలోకి రేడియో తరంగాలూ సరిగా చేరవు. 900 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. తీగ పట్టేంత చిన్న రంధ్రం దానికి చాలదు. అందుకే ఆంటెన్నాను తీగతో బయటికి తెస్తారు.

చిక్కంతా ఆ తీగ దగ్గరే. అదే పెట్టెలో 415 వోల్టుల మూడు ఫేజుల కరెంటు ఉంటుంది. కొందరు పెట్టెకు రంధ్రం పొడిచి, తీగను అలాగే లాగి వదిలేస్తారు. సిగ్నలు వచ్చిందా, పని అయిపోయినట్లే! కాని మోటారు ఆన్ అయిన ప్రతిసారీ కాంటాక్టరు ఠప్పున కొట్టుకుని పెట్టె అదురుతుంది. రంధ్రం అంచు కత్తిలాంటిది. తీగ మీది తొడుగు కొంచెం కొంచెంగా కోసుకుపోతుంది. అలా ఒలిచిన చోట ఫేజు తీగ తగిలిందా, ఆంటెన్నా లోహపు అడుగుకు కరెంటు రావచ్చు. తడి కాళ్ళతో వచ్చి దాన్ని సర్దబోయినవాని గతి ఏమిటి?

అంచుకు రబ్బరు బుష్షు, ఫేజు తీగలకు దూరంగా కదలకుండా కట్టిన ఆంటెన్నా తీగ, పెట్టెకు సరైన ఎర్తు. ఇవి లేనిదే పని పూర్తయిందనకూడదు. బుష్షును అమ్మేవారే సాధనంతోపాటు ఇవ్వాలని నా వాదన. "మెకానిక్కు చూసుకుంటాడులే" అంటే కుదరదు. చేతికిచ్చింది అతడు బిగిస్తాడు, ఇవ్వనిది ఎక్కడ నుంచి తెస్తాడు? ఆంటెన్నాను తలుపుకు అంటించడమూ తప్పే. తలుపు తీసినప్పుడల్లా తీగ గుంజుకుంటుంది.

ఇంకొక మాట. ఫోనుతో ఆపిన మోటారు ఆగినట్లు లెక్క కాదు. నాన్నగారు మోటారు విప్పుతుండగా ఇంటి దగ్గర అన్నయ్య ఫోను చేస్తే? మెయిన్ స్విచ్చి దించి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాకే దానిమీద చెయ్యి వెయ్యాలి. మీరు మాత్రం పెట్టె తెరవకండి, ఆంటెన్నాను ముట్టకండి. రంధ్రానికి బుష్షు ఉందో లేదో దూరం నుంచే కనిపిస్తుంది. లేకపోతే ఇంట్లో పెద్దలకు ఈవేళే చెప్పండి.