వెలగని దీపానికి మార్కులెన్ని?

మన సాంకేతిక విద్యలో ఒక చిత్రమైన న్యాయం చెలామణిలో ఉంది. విద్యార్థి చేసిన ఎల్‌ఈడీ దీపం వెలిగితే మార్కులు, వెలగకపోతే మొట్టికాయలు. ఎందుకు వెలిగిందో చెప్పలేనివాడు గట్టెక్కుతాడు. ఎందుకు వెలగలేదో వెతుకుతున్నవాడు గంట కొట్టేసరికి దోషిగా మిగులుతాడు. ఈ న్యాయాన్ని నేను ఒప్పుకోను. కారణాలు మనవి చేస్తాను, చిత్తగించండి.

మా పక్కింటి కుర్రవాడు పాలిటెక్నిక్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. 9 వోల్టుల బ్యాటరీ, 470 ఓముల రెసిస్టరు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక స్విచ్చి. ఇంతే అతని సర్క్యూట్. బ్రెడ్‌బోర్డు మీద నిక్షేపంగా వెలిగింది. రాగి పట్టీలున్న బోర్డు మీదకు మార్చి టంకం పెట్టాక వెలగలేదు. "ఎల్‌ఈడీని మాడ్చేశావు, పో" అని లెక్చరరు గారు తీర్పు చెప్పి, రికార్డులో సున్నా చుట్టారట. మీటరు పెట్టి చూడనేలేదు. బజారులో తయారైన బోర్డు కొని తెచ్చిన అతని సహాధ్యాయికి మాత్రం నిండుగా మార్కులు పడ్డాయి.

టంకం పెట్టేటప్పుడు ఎల్‌ఈడీ మాడిపోవడం అసాధ్యమేమీ కాదు. కానీ దానికంటే ముందు అనుమానించవలసినవి చాలా ఉన్నాయి. పొడుగు కాలు ధనధ్రువం, పొట్టి కాలు ఋణధ్రువం అని పిల్లలకు బోధిస్తాం. బోర్డుకు అతికించగానే రెండు కాళ్ళనూ సమంగా కత్తిరించేస్తాం. ఆనవాలు కాస్తా పోయింది! ఇక మిగిలేది ఋణధ్రువం వైపు అంచున ఉండే చిన్న చదును గుర్తే. అది చాలామంది కంట పడదు. రెండు కాళ్ళూ ఒకే రాగి పట్టీలో దిగితే కరెంటు పట్టీలోంచే పోతుంది, ఎల్‌ఈడీకి ఏమీ దక్కదు. పక్కపక్క పట్టీల మధ్య టంకం పొంగి వంతెన కట్టినా అదే గతి. వీటన్నిటికీ మించినది, పైకి అతుక్కున్నట్టు కనిపించి లోపల అంటుకోని అతుకు.

వీటిలో దోషి ఏదో తేల్చడానికి సోదె అడగనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న సర్క్యూట్‌లో ఎర్ర ఎల్‌ఈడీ సుమారు 2 వోల్టులు తీసుకుంటుంది. మిగిలిన 7 వోల్టులు రెసిస్టరు మీద పడతాయి. 470తో భాగిస్తే కరెంటు దాదాపు 15 మిల్లీఆంపియర్లు. ఇప్పుడు వెలగని బోర్డుకు మీటరు పెట్టండి. ఎల్‌ఈడీ మీద 9 వోల్టులూ కనిపిస్తే అది తిరగబడి ఉంది, లేదా నిజంగానే పోయింది. ఎల్‌ఈడీ మీద సున్నా, రెసిస్టరు మీద 9 ఉంటే ఎల్‌ఈడీ కాళ్ళు ఎక్కడో కలిసిపోయాయి. రెండింటి మీదా దాదాపు సున్నాయే ఉంటే దారి ఇంకెక్కడో తెగింది. ఒక్కొక్క అతుకూ దాటుకుంటూ పోతే, తెగినచోట వోల్టేజి తానే వచ్చి నిలబడుతుంది. దీని వెనకనున్న నియమాన్ని 1845లో కిర్చాఫ్ చెప్పాడు. అప్పటికి ఆయన 21 ఏళ్ళ విద్యార్థి.

ఆ కుర్రవాడు నా మీటరు తీసుకుని సరిగ్గా ఇదే చేశాడు. రెసిస్టరు మీద సున్నా. ఎల్‌ఈడీ మీద సున్నా. రెసిస్టరు కాలికీ, అది అతికి ఉండవలసిన రాగి పట్టీకీ మధ్య ఏడున్నర వోల్టులు! మీటరు గుండా పారే పిసరంత కరెంటుకు ఎల్‌ఈడీ తన వాటా ఒకటిన్నర పుచ్చుకోగా మిగిలినదన్నమాట. ఆ అతుకును మళ్ళీ కాచాడు, దీపం వెలిగింది. మాడిందన్న ఎల్‌ఈడీ నిక్షేపంలా ఉంది. సున్నా మాత్రం రికార్డులో అలాగే ఉంది.

అతుకు ఎందుకు అంటలేదో మన ఊళ్ళలో కళాయి పూసేవాళ్ళకు తెలుసు. గిన్నెను తోమి, కొలిమి మీద బాగా కాచి, నవాసాగరంతో మకిలి విడగొట్టి, అప్పుడు తగరం పూసేవారు. కాగని గిన్నెకు తగరం పట్టదు. ఇక్కడా అంతే. తగరం 60 పాళ్ళు, సీసం 40 పాళ్ళు ఉన్న టంకం సుమారు 190 డిగ్రీలకే కరుగుతుంది. రాగిని కాచకుండా టంకాన్ని మాత్రమే కరిగించి పైన బొట్టు పెడితే, అది తామరాకు మీద నీటిబొట్టులా కూర్చుంటుంది. కాచవలసింది అతుకును. ఈ మాట నోటితో చెప్పడానికి అర నిమిషం చాలు. చెప్పరెందుకు? టంకం పెట్టడం మెకానిక్కు పని, ఇంజనీరుది కాదన్న చిన్నచూపు వల్ల. ఓమ్ సూత్రాన్ని బల్ల మీద రాసేవాడు పండితుడు, దాన్ని బోర్డు మీద పట్టుకునేవాడు కూలివాడు! చేతిపనిని ఇలా వెలివేసుకున్న చదువు చివరకు బజారు బోర్డుకు దండం పెట్టక ఏం చేస్తుంది?

కోఠీ గుజరాతీ గల్లీలో కొన్ని రూపాయలకు దొరికే ఎల్‌ఈడీ కోసం ఇంత రాద్ధాంతమా అని కొందరంటారు. అంటని అతుకు అలాగే ఉండగా పది ఎల్‌ఈడీలు మార్చినా దీపం వెలగదు. పైగా సర్క్యూట్ అంటే అదృష్టమని ఆ పిల్లవాడి మనసులో పడిపోతుంది. అలా చదివినవాడే రేపు ఆసుపత్రి యంత్రం ముందు నిలబడి, ఏ భాగం మారిస్తే పని చేస్తుందా అని దేవులాడుకుంటాడు.

గంటలో 60 మందిని చూడాలి, ఒక్కొక్కడి తప్పూ వెతికే తీరికెక్కడిదని మరికొందరంటారు. వెతకవలసింది గురువు కాదు, శిష్యుడే. బల్లకొక మీటరు ఇవ్వండి. కావాలనే ఒక లోపం పెట్టిన బోర్డు చేతికిచ్చి, "ఇది ఎక్కడ తెగింది? ఎలా తెలిసింది?" అని అడగండి. సగం మార్కులు ఆ జవాబుకే కేటాయించండి. ఆ జవాబు ఏ బజారులోనూ అమ్మరు.

అంతవరకూ నాదొక్కటే కోరిక. ముందు మీటరు పెట్టి చూసినవారికే సున్నా చుట్టే హక్కు ఉండాలి. మీరేమంటారు?