గీసినవారెవరు?

మన ఇండ్లలోని పెద్దలకు ఒక మంచి అలవాటుండెడిది. పత్రిక చేతికందగానే ముందు బొమ్మను, ఆ వెంటనే బొమ్మ మూలనున్న సంతకమును చూచెడివారు. వ.పా. అనగా వడ్డాది పాపయ్యగారనియు, శవమును భుజమున వేసికొని నడచు విక్రమార్కుని గీసినది శంకర్‌గారనియు పిల్లలు సైతము చెప్పెడివారు. బాపుగారి గీతకు సంతకముతో పనియే లేకుండెను. నేడు మన పిల్లలు ఫోనులలో, వీధిగోడలపై, పుస్తకముల అట్టలపై లెక్కకు మించిన బొమ్మలు చూచుచున్నారు. గీసినవారి పేరు మాత్రము ఒక్కటియు ఎరుగరు. ఇది స్వల్ప విషయమని కొందరు తలపవచ్చును. పొరుగు భాష నడుమ తరతరములుగా కాపురముండు మనకిది స్వల్పము కాదని మా అభిప్రాయము.

కారణము స్పష్టమే. మన పిల్లలలో అనేకులు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. అట్టివారికి తెలుగు పుస్తకము మూసిన తలుపు. బొమ్మ తెరచిన తలుపు. 1947లో నాగిరెడ్డి, చక్రపాణిగారలు ఈ చెన్నపట్టణముననే చందమామను ప్రారంభించినప్పుడు తెలుగు పిల్లవాడును, తమిళ పిల్లవాడును ఒకే బొమ్మను చూచి సంతసించిరి. శంకర్‌గారు తమిళులు, అయినను మనలో ఎవరును ఆయనను పరాయివానిగా తలపలేదు. నరసాపురమున 1933లో జన్మించిన బాపుగారు ఈ నగరముననే జీవించి 2014లో ఇచ్చటనే కన్నుమూసిరి. 2013లో వారికి లభించిన పద్మశ్రీ తమిళనాడు తరఫున వచ్చినది. శంకర్‌గారికి పద్మశ్రీ 2021లో ప్రకటింపబడినది. అప్పటికి వారు 96 ఏండ్లు జీవించి గతించియుండిరి. పేరు అడుగుటలో ఆలస్యమైనచో గౌరవించుటలోను ఆలస్యమగును.

వీధిబొమ్మలు, అంగడి ప్రకటనలు కళయెట్లగునని ప్రశ్నించు పెద్దలు కలరు. వర్తకులమైన మనము ఆ ప్రశ్న వేయరాదు. అమెరికాలో ఆండీ వార్హోల్ అను చిత్రకారుడు తొలుత న్యూయార్కులో చెప్పుల వర్తకుల ప్రకటనలకు బొమ్మలు గీసి జీవించినవాడు. 1962లో ఆయన అంగడిలో అమ్ము సూపు డబ్బాలనే 32 పటములుగా వ్రాసి లాస్ ఏంజెలెస్ నగరమున ప్రదర్శించెను. నాడు కొందరు నవ్విరి. నేడవి న్యూయార్కు మ్యూజియములో ఉన్నవి. మరియొకడు కీత్ హేరింగ్. 1980 మొదలు కొన్నియేండ్లు ఆయన భూగర్భ రైలు స్టేషనులలో, ప్రకటనలు లేని పలకలపై అంటించిన నల్లకాగితములమీద సుద్దముక్కతో గీసెను. అనుమతి లేనందున పోలీసులు పలుమార్లు పట్టుకొనిరి. యజమాని అనుమతి లేక గోడను ముట్టరాదనుటలో మాకును సందేహము లేదు. అనుమతి ఇచ్చి గీయించుట మన చేతిలోని పని.

అట్లు గీయించిన గోడలు మన ఊరనే కలవు. నగరమునుండి తరలింపబడిన పేదలకు, సునామీ బాధితులకు నివాసమైన కణ్ణగి నగరులో స్టార్ట్ ఇండియా ఫౌండేషను అను సంస్థ 2020లో పలువురు చిత్రకారులచే మేడల గోడలపై పెద్ద బొమ్మలు వ్రాయించెను. ఒకప్పుడు ఆ పేట పేరు చెప్పిన పని దొరకదని అచ్చటివారు వాపోయెడివారు. నేడు బొమ్మలు చూచుటకై అన్యులు వెదకికొని పోవుచున్నారు. ఇందిరా నగరు రైలు స్టేషను గోడపై ఎ-కిల్ అను పేరుగల చెన్నై చిత్రకారుడు సామాన్యుల ముఖములను వ్రాసెను. అందు కొందరు హెచ్.ఐ.వి. సోకినవారు, కొందరు సోకనివారు. ఎవరు ఎవరో చూచి చెప్పజాలము. వెలివేయరాదను నీతిని ఇంతకంటె సూటిగా ఏ ఉపన్యాసము చెప్పగలదు? హైదరాబాదులో 2016లో ఇదే సంస్థ మక్తా అను బస్తీ గోడలకు రంగులద్దించెను. ఆ నగరముననే స్వాతి, విజయ్ అను దంపతులు నిండైన బొట్టుతో తెలుగు పల్లె స్త్రీలను గోడలపై నిలుపుచున్నారు. వీరు మనవారు. వీరి పేరులు మన పిల్లలకు తెలియవలదా?

ఇక మన అంగడుల సంగతి. ఈ రాష్ట్రమున బోర్డుపై తమిళమునకు అయిదు పాళ్లు, ఆంగ్లమునకు మూడు, ఇతర భాషకు రెండు పాళ్లు అను నిబంధన కలదు. ఈ నేల అన్నము తిను మనకు తమిళమును ముందుంచుట ధర్మము. కాని మిగిలిన రెండు పాళ్లు ఎవరు వలదనిరి? ఫ్లెక్సులు వచ్చిన పిదప కుంచెపట్టి అక్షరము వ్రాయువారు పని లేక చెదరిపోయిరి. ఆ రెండు పాళ్ల చోటును ఒక యువ చిత్రకారునికి అప్పగించి అందముగా తెలుగు వ్రాయించినచో, అతనికి కూలియు, వీధికి శోభయు, మన పిల్లలకు రోజును కంటబడు నాలుగు అక్షరములును దక్కును.

సోదరులకు మా మనవి ఇది. ఉగాదికి అంగడి క్యాలెండరు వేయించువారు ఇంటర్నెట్‌నుండి ఎవరిదో బొమ్మను తీసి అచ్చువేయింపవలదు. జీవించియున్న చిత్రకారునిచే గీయించి, తగిన ధర చెల్లించి, బొమ్మ క్రింద పేరు వేయుడు. "ప్రచారము వచ్చును గదా, ఊరక గీసి యిమ్ము" అని ఏ యువకుని అడుగవలదు. గజము గుడ్డ మనము ఊరక ఇత్తుమా? ఎగుమూరు దాపున 1850 నాటి ప్రభుత్వ లలితకళా కళాశాల కలదు. అచ్చటి విద్యార్థులు ప్రదర్శన పెట్టినప్పుడు కుటుంబముతో పోయి చూడుడు. పిల్లలను ఒక సెలవుదినమున కణ్ణగి నగరునకు తీసికొనిపొండు. ప్రతి బొమ్మయెదుటను గీసినవారెవరని వారిచే అడిగింపుడు. బేరమాడుటలో దిట్టలమని పేరు తెచ్చుకొన్న మనము పేరడుగుటలో వెనుదీయనేల?

మన సంఘ భవనపు వీధివైపు గోడ ఖాళీగా ఉన్నది. దానిపై ఏమి గీయింపవలెనో, ఎవరిచే గీయింపవలెనో రాబోవు సభలో చర్చింపవలెనని మేము కోరుచున్నాము. మీ ఇంట, మీ వీధిలో బొమ్మలు గీయు పిల్లలున్నచో ఆ సభకు తప్పక వెంటబెట్టుకొని రండు.