తీర్పు ముందు, విచారణ తరువాతనా?

2024 జనవరి 26వ తేదీన రెండు వార్తలు వెలువడ్డాయి. దక్షిణాఫ్రికా వేసిన దావాలో హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం, గాజాలో జాతిసంహార చర్యలు జరగకుండా చూడాలని, మానవతా సాయం అందనివ్వాలని ఇజ్రాయెల్‌ను ఆదేశించింది. అదే రోజు, పాలస్తీనా శరణార్థుల కోసం ఐక్యరాజ్య సమితి నడిపే సహాయ సంస్థ యూఎన్‌ఆర్‌డబ్ల్యూఏ, తన ఉద్యోగులలో కొందరు 2023 అక్టోబరు 7 దాడిలో పాల్గొన్నారని ఇజ్రాయెల్ ఆరోపించిందనీ, వారిని కొలువుల నుంచి తొలగిస్తున్నామనీ ప్రకటించింది. ఆరోపణకు గురైనవారు 12 మంది. రెండవ వార్త మొదటి వార్తను మింగివేసింది. న్యాయస్థానం ఏమన్నదో అడిగేవారు తగ్గిపోయి, ఆ 12 మంది ఎవరని అడిగేవారు పెరిగిపోయారు.

ఆ 12 మందిలో నిజంగా అమాయకులను చంపినవాడెవడైనా ఉంటే వాడిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. అమాయకుని ప్రాణం తీసినవాడు ఎవరైనా శిక్షార్హుడే. నేనడిగేది వేరే విషయం. ముందుగా తొలగించి ఆ తరువాత విచారించడం ఏ ధర్మం? ఆ సంస్థ అధిపతి ఫిలిప్ లాజరిని స్వయంగా, కొద్ది రోజులకే, తాను సక్రమ విచారణ క్రమాన్ని తలకిందులు చేశానని విలేకరుల ముందు అంగీకరించారు. ఆరోపణ తీవ్రమైనదని, సంస్థ మనుగడకే ముప్పు వచ్చిందని, అందుకే అలా చేయవలసి వచ్చిందని ఆయన వాదన. సంస్థను కాపాడడానికి ఉద్యోగులను బలిపెట్టారు. అయినా సంస్థకు రక్షణ దొరికిందా? లేదు. అమెరికాతో సహా 16 దేశాలు నిధులు ఆపివేశాయి. ఆగిన మొత్తం సుమారు 45 కోట్ల డాలర్లు. డజను మందిపై ఆరోపణకు, గాజాలోనే 13 వేల మంది పనిచేసే సంస్థకు, దాని రొట్టె మీద, బడి మీద, వైద్యశాల మీద ఆధారపడిన లక్షలాది శరణార్థులకు శిక్ష పడింది. ఒకరి నేరానికి ఇంకొకరు భారం మోయరని నమ్మే సమాజానికి ఇందులోని అన్యాయాన్ని వివరించి చెప్పనక్కరలేదు.

తరువాత ఏమైంది? ఫ్రాన్స్ మాజీ విదేశాంగ మంత్రి కేథరిన్ కొలోనా నాయకత్వంలో ఆ సంస్థ తటస్థతను పరిశీలించిన బృందం 2024 ఏప్రిల్‌లో నివేదిక ఇచ్చింది. ఉద్యోగుల జాబితాలను సంస్థ ఏటా ఇజ్రాయెల్‌కు అందజేస్తూనే ఉన్నదని, ఎక్కువ మంది ఉద్యోగులు ఉగ్రవాద సంస్థల సభ్యులన్న మాటకు ఇజ్రాయెల్ అప్పటికి ఆధారాలు చూపలేదని అది పేర్కొన్నది. ఇక అసలు ఆరోపణలను విచారించింది ఐక్యరాజ్య సమితి అంతర్గత పర్యవేక్షణ కార్యాలయం. మొత్తం 19 మందిపై విచారణ జరిపి 2024 ఆగస్టులో ఫలితం ప్రకటించింది. ఒకరి విషయంలో ఆధారమే లేదు. తొమ్మిది మంది విషయంలో ఆధారాలు చాలవు. మిగిలిన తొమ్మిది మంది విషయంలో, చూపిన ఆధారాలు నిజమైనవని రుజువైతే, వారి ప్రమేయం ఉండి ఉండవచ్చునని చెప్పింది. ఆ 'అయితే' అన్న మాటను గమనించండి. ఆధారాలు ఇజ్రాయెల్ అధికారుల చేతిలోనే ఉన్నాయి. వాటిని స్వతంత్రంగా సరిచూసుకునే వీలు విచారణాధికారులకు లేకపోయింది. అయినా ఆ తొమ్మిది మంది కొలువులు పోయాయి. ఆధారాలు చాలవన్న వారికి పోయిన పేరును ఎవరు తిరిగి ఇస్తారు? 2024 ముగిసే లోపునే గాజాలో ఆ సంస్థ ఉద్యోగులు 200 మందికి పైగా చంపబడ్డారు. వారి మరణాలపై విచారణ కోసం ఏ దేశం నిధులు ఆపింది?

నేను ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. శాఖాపరమైన విచారణల దస్త్రాలు నా బల్ల మీదుగా నడిచాయి. భారత రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం, ప్రభుత్వోద్యోగిని తొలగించాలంటే అతనిపై ఉన్న అభియోగాలను అతనికి తెలియజేయాలి. తన మాట చెప్పుకునేందుకు సముచితమైన అవకాశం ఇవ్వాలి. అటెండరుకైనా ఇదే నియమం. అభియోగపత్రం, సంజాయిషీ, విచారణాధికారి నియామకం, సాక్షులను ప్రశ్నించే హక్కు, నివేదిక ప్రతి, చివరికి శిక్ష. ఈ వరుసలో ఒక్క మెట్టు తప్పినా న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టివేసిన సందర్భాలెన్నో. ఈ తతంగమంతా జాప్యానికే అని పైవారు విసుక్కునేవారు. కానీ బలహీనుడికి మిగిలిన గోడ ఆ వరుస ఒక్కటే.

అయితే అదే అధికరణంలో ఒక సందు కూడా ఉన్నది. రాజ్య భద్రత దృష్ట్యా విచారణ అవసరం లేదని రాష్ట్రపతి లేదా గవర్నరు భావిస్తే, విచారణ లేకుండానే తొలగించవచ్చు. జమ్ము కశ్మీర్‌లో 2021 నుంచి పదుల సంఖ్యలో ఉద్యోగులను ఈ సందులో నుంచే ఇళ్లకు పంపారు. వారిలో ఉపాధ్యాయులున్నారు, పోలీసులున్నారు. వారిలో దోషులు ఎందరో నిర్దోషులు ఎందరో తేల్చగలిగే విచారణే జరగలేదు. గాజాలో సంస్థ మనుగడ అన్నారు, ఇక్కడ రాజ్య భద్రత అన్నారు. రెండు చోట్లా ఆరోపణ పొందినవాడి నోరు విప్పనివ్వలేదు.

ఐక్యరాజ్య సమితి ఆ పర్యవేక్షణ కార్యాలయాన్ని నిర్మించిన తీరులో లోపం లేదు. 1994లో సర్వప్రతినిధి సభ తీర్మానంతో అది ఏర్పడింది. దాని అధిపతిని ప్రధాన కార్యదర్శి నియమించినా సభ ఆమోదం కావాలి. పదవీకాలం ఐదేళ్లు. పొడిగింపు లేదు. పొడిగింపు ఆశ ఉన్న అధికారి కలం ఎటు వంగుతుందో కార్యాలయాలలో బతికిన మాకు తెలుసు. ఆ ఆశను తుంచడానికే ఆ నియమం. కాగితం మీద ఇంతకంటే మేలైన ఏర్పాటు దుర్లభం. మరి ఆచరణలో?

మధ్య ఆఫ్రికా గణతంత్రం రాజధాని బాంగుయిలో, విమానాశ్రయం పక్కన ఎంపోకో శిబిరంలో, అంతర్యుద్ధానికి ఇల్లు విడిచిన వేలాది కుటుంబాలు తలదాచుకున్నాయి. 2013 చివరి నుంచి 2014 నడుమ, రక్షణకు వచ్చిన ఫ్రెంచి సైనికులు తిండి ఆశ చూపి తమను లైంగికంగా వాడుకున్నారని అక్కడి పిల్లలు ఐక్యరాజ్య సమితి అధికారులకు చెప్పారు. వారి వాంగ్మూలాలు నమోదయ్యాయి, కాని చర్య లేదు. జెనీవాలోని మానవ హక్కుల కార్యాలయంలో సీనియర్ అధికారి ఆండర్స్ కోంపాస్ ఆ నివేదికను 2014 జులైలో ఫ్రెంచి ప్రభుత్వానికి అందజేశారు. 2015 ఏప్రిల్‌లో సస్పెండ్ అయినది ఎవరు? పిల్లలను చెరచినవారు కాదు, కోంపాస్. రహస్య పత్రాన్ని బయటి వారికి ఇచ్చాడన్నది నేరారోపణ. అంతర్గత పర్యవేక్షణ కార్యాలయం ఆయనపైనే విచారణ మొదలుపెట్టింది.

కెనడా సుప్రీం కోర్టు మాజీ న్యాయమూర్తి మరీ దేషాంప్ అధ్యక్షతన నియమించిన స్వతంత్ర సంఘం 2015 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. పిల్లల విషయంలో సంస్థ యావత్తూ ఘోరంగా విఫలమైందని అది తేల్చింది. అధికార దుర్వినియోగం చేసినవారిలో పర్యవేక్షణ కార్యాలయం నాటి అధిపతి కూడా ఉన్నారని చెప్పింది. విచారణ జరిపించవలసిన వ్యక్తే దోషిగా తేలడం కంటే పెద్ద హెచ్చరిక ఏముంటుంది? 2016 జనవరిలో కోంపాస్ నిర్దోషిగా బయటపడ్డారు, జూన్‌లో ఆ సంస్థకే స్వస్తి చెప్పారు. ఫ్రాన్సులో 2018లో దర్యాప్తు న్యాయమూర్తులు కేసును మూసివేశారు. ఒక్క సైనికుడూ బోనెక్కలేదు. ఆ పిల్లలు ఏ మతం వారని మనం అడగవలసిన పని లేదు. పిల్లలు కావడం చాలు.

బాంగుయిలో ఫిర్యాదును తొక్కిపెట్టారు. గాజాలో ఫిర్యాదు రాగానే తల తీశారు. చూడడానికి ఇవి రెండు వేర్వేరు తప్పులు. మూలం మాత్రం ఒకటే. రెండు చోట్లా సంస్థ మొదట తన పరువును చూసుకున్నది. బలవంతుడైన దేశం ముద్దాయి అయితే మౌనం పరువును కాపాడింది. బలవంతుడైన దేశం ఫిర్యాది అయితే తొందర పరువును కాపాడింది. సత్యం ఏమిటన్న ప్రశ్న రెండు చోట్లా చివరికి వచ్చింది.

ఇంతవరకు చదివి తల ఊపిన సోదరులను, సోదరీమణులను ఇప్పుడొక మాట అడుగుతాను. మన ఇంట్లో ఈ జబ్బు లేదా?

నేను ఒక మస్జిద్ కమిటీలో సభ్యునిగా ఉన్న రోజులలో చందా పెట్టెలో డబ్బు తగ్గిందన్న మాట వచ్చింది. జుమా నమాజు తరువాత పది నిమిషాల సమావేశం. పేద ముఅజ్జిన్ మీద అనుమానం పడింది, ఎందుకంటే పెట్టె దగ్గర పడుకునేది ఆయనే. ఆయనను పిలిచి అడగనైనా లేదు. తొలగించాలన్న వారు చేతులెత్తండన్నారు. అభియోగపత్రాలు, సంజాయిషీలు రాసి రాసి చేతులు అరిగిన నేను కూడా చెయ్యెత్తాను. రెండు నెలలకు తెలిసింది, బోరు మోటారు మరమ్మతుకు కమిటీ వారే ఆ పెట్టె తెరిచారు, లెక్క పుస్తకంలో రాయడం మరిచారు. అప్పటికి ఆ మనిషి భార్యాబిడ్డలతో ఊరు విడిచి వెళ్లిపోయాడు. క్షమాపణ చెప్పడానికి చిరునామా కూడా ఎవరి దగ్గరా లేదు. లాజరినిని నిందించే ముందు నాకు ఆ ఎత్తిన చెయ్యి గుర్తుకొస్తుంది.

దీనికి మరో పార్శ్వమూ ఉన్నది. ముతవల్లి మీదనో, కోశాధికారి మీదనో, పిల్లలకు చదువు చెప్పే పెద్దమనిషి మీదనో ఫిర్యాదు వస్తే, జమాఅత్ పరువు పోతుంది, పత్రికలకెక్కుతుంది, శత్రువులు సంతోషిస్తారని సర్దిచెబుతాము. ఫిర్యాదు చేసిన స్త్రీనో, బిడ్డ తండ్రినో సముదాయించి ఇంటికి పంపుతాము. అది బాంగుయి. పేదవాడి మీద అనుమానం వస్తే ఆ పూటే వెళ్లగొడతాము. అది జనవరి 26.

మనకు ఈ విషయంలో మార్గదర్శనం కరవు కాలేదు. దివ్య ఖుర్ఆన్ హుజురాత్ సూరా ఆరవ ఆయత్, నమ్మదగని వ్యక్తి తెచ్చిన వార్తను సరిచూసుకోమని, తెలియక ఎవరికో హాని చేసి తరువాత పశ్చాత్తాపపడవద్దని హెచ్చరిస్తుంది. నిసా సూరా 105వ ఆయత్ నుంచి వచ్చే వాక్యాల సందర్భంగా వ్యాఖ్యాతలు ఒక సంఘటన చెబుతారు. మదీనాలో ముస్లింగా చెలామణి అయ్యే ఒకడు కవచం దొంగిలించి, నేరాన్ని ఒక యూదుని మీదికి నెట్టాడు. వాని తెగవారంతా వానికే వత్తాసు పలికారు. దైవవాణి ఆ యూదుని నిర్దోషిత్వాన్ని ప్రకటించింది, నమ్మకద్రోహుల పక్షాన వాదించవద్దని దైవప్రవక్త (స) ద్వారా మనందరికీ ఆదేశించింది. మనవాడా పరాయివాడా అన్నది విచారణలో ప్రశ్న కానే కాదని ఇంతకంటే స్పష్టంగా ఎలా చెప్పాలి?

కనుక ప్రతి మస్జిద్ కమిటీ, అంజుమన్, మదరసా, సహాయ సంఘం వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నియమాలను తీర్మానంగా రాసుకోవాలని కోరుతున్నాను. ప్రతి ఫిర్యాదూ పుస్తకంలో నమోదు కావాలి, ఫిర్యాదుదారుకు రసీదు ఇవ్వాలి. ఆరోపణను రాతపూర్వకంగా తెలిపి జవాబుకు గడువు ఇవ్వనిదే ఎవరినీ తొలగించకూడదు. అవసరమైతే విచారణ ముగిసే వరకు జీతంతో పక్కన ఉంచవచ్చు. విచారించేవారు ఇరుపక్షాలకూ బంధువులు కాకూడదు, కమిటీ దయ మీద ఆధారపడినవారు కాకూడదు, వీలైతే పక్క ఊరి వారు కావాలి. స్త్రీల ఫిర్యాదును విచారించే చోట స్త్రీలు ఉండి తీరాలి. పది మంది, అంతకు మించి పనిచేసే చోట మహిళ అధ్యక్షతన అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టమే చెబుతున్నది. బిడ్డలపై లైంగిక నేరం గురించి తెలిస్తే విచారణ మన పని కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం విధి, దాచడం నేరం. చివరగా, విచారణ నివేదిక సారాంశం జమాఅత్ ముందుకు రావాలి. బాధితుల పేరు మాత్రం ఎన్నడూ రాకూడదు. ఫిర్యాదు చేసిన వ్యక్తిని వేధించడాన్ని వేరే నేరంగా పరిగణించాలి.

ఇది అనవసర పెత్తనమని, పెద్దల మీద అవిశ్వాసమని అనేవారుంటారు. నిజాయితీపరుడైన పెద్దకు ఈ వరుస కవచం. నింద పడిన రోజున అతనికి అదే తోడు వస్తుంది. వక్ఫ్ ఆస్తుల మీద, మదరసాల మీద విచారణల పేరిట ప్రభుత్వాలు కత్తి దూస్తున్న ఈ కాలంలో, మన విచారణ మనం న్యాయంగా జరుపుకోగలమని చూపడం ఒక రక్షణ కూడా. అయినా ఆ రక్షణ కోసమే ఈ పని చేయవద్దు. న్యాయం కోసం చేయాలి.

గాజాలోని ఉద్యోగికి దక్కని సంజాయిషీ అవకాశం మన ముఅజ్జిన్‌కైనా దక్కాలి. బాంగుయిలోని బిడ్డకు దొరకని వినికిడి మన వీధిలోని బిడ్డకైనా దొరకాలి. ఐక్యరాజ్య సమితిని మార్చే శక్తి మనకు లేకపోవచ్చు. వచ్చే శుక్రవారం మన కమిటీ తీర్మానాల పుస్తకంలో ఐదారు వాక్యాలు రాసే శక్తి మనకున్నది. ఆ పుస్తకం తెరిచిన రోజున, నా మస్జిద్‌లో మొదటి తీర్మానంగా ఆ ముఅజ్జిన్ పేరు మీది నిందను రద్దు చేయమని నేనే ప్రతిపాదిస్తాను. ఈసారి చెయ్యి ఎత్తేది అందుకే.