అన్నదమ్ముల కంపెనీ

ఏనాడో విడిపోయిన రాక్ బృందం మళ్లీ కలిసిందనగానే మన మధ్య రెండు రకాల మాటలు వినబడతాయి. ఒక రకం వారు కళ్ల నీళ్లు పెట్టుకుంటారు. కలహాలన్నీ కరిగిపోయాయట, సంగీతం గెలిచిందట, అన్నదమ్ములు ఒకటయ్యారట. రెండో రకం వారు మన మిత్రులే. అభ్యుదయ సాహిత్యం చదివినవారు, చదివించేవారు. వీరికి కళ్ల నీళ్లు రావు గాని పెదవి విరుపు వస్తుంది. అదంతా అమెరికా వ్యాపార సంస్కృతి, దాన్ని గురించి ఆలోచించటమే కాలహరణం, తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ గిటారు గోల యేమిటి, ఈ బాస్కెట్‌బాల్ పిచ్చి యేమిటి అంటారు. నేను ఈ రెండింటికీ అభిమానిని. కాలేజీ హాస్టల్లో పట్టుకున్న జబ్బు యం.ఏ.తో వదల్లేదు, ఉద్యోగంతోనూ వదల్లేదు. అయితే అభిమానం ప్రకటించుకోవటానికి నేనిక్కడ పూనుకోలేదు. పై ఇద్దరి మాటలకూ పునాది ఒకటేనని నా అభియోగం. కన్నీళ్లవారు గాని పెదవి విరిచేవారు గాని, ఆ వేదిక మీద నిలబడ్డవాళ్లు పనివాళ్లనీ, వాళ్ల మధ్య ఒక లెక్క వుంటుందనీ చూడరు.

ఈగిల్స్ సంగతి తీసుకోండి. 1980లో విడిపోయారు. మళ్లీ ఎప్పుడు కలుస్తారని అడిగితే, నరకం మంచుగడ్డ కట్టినప్పుడని డాన్ హెన్లీ జవాబిచ్చాడు. 14 ఏళ్లకు నరకం గడ్డకట్టింది. 1994లో బయలుదేరిన పర్యటనకూ, దానితోపాటు వచ్చిన ఆల్బమ్‌కూ ఆ మాటే పేరు పెట్టుకున్నారు, హెల్ ఫ్రీజెస్ ఓవర్ అని. తమాషాగానే వుంది. కాని ఆ పర్యటనలో టికెట్టు ధర వంద డాలర్లు దాటింది. అంత అడిగినా జనం ఇస్తారని ఆ వ్యాపారం గ్రహించింది. తరవాతి కథ కోర్టు కాగితాల్లో వుంది. 2001లో గిటారిస్టు డాన్ ఫెల్డర్‌ను బృందం నుంచి తొలగించారు. అతడు దావా వేశాడు. పూర్వం లాభాలు సమానంగా పంచుకునేవాళ్లమనీ, 1994 నుంచి హెన్లీ, గ్లెన్ ఫ్రై తమకు ఎక్కువ వాటా కావాలని పట్టుబట్టారనీ అతడి ఆరోపణ. విడిపోయిన కాలంలో బృందం పేరు మాయకుండా నిలబెట్టింది తామిద్దరమే గనక తమకు ఎక్కువ రావటం న్యాయమేనని ఫ్రై వాదన. 2007లో కోర్టు బయట రాజీ కుదిరింది.

ఇందులో ఎవరిది న్యాయమో తేల్చటం నా పని కాదు. నేను అడిగేది వేరు. ఫెల్డర్ చెప్పిన ఆ సమాన వాటాల రోజుల్లో వాళ్లు అన్నదమ్ములా, కంపెనీ భాగస్థులా? రెండూను. కష్టపడి పాటలు కడుతున్నంతకాలం మొదటి మాట పైన వుండి రెండోది కింద వుంది. విడిపోయిన 14 ఏళ్లలో వాళ్లెవరూ కలిసి పాడకుండానే ఒక పెద్ద ఆస్తి పోగుపడింది. దాని పేరు అభిమానుల జ్ఞాపకం. పునస్సమాగమం అంటే ఆ ఆస్తి పంపకానికి కూర్చోవటం. ఆస్తి పంపకం వేళ అన్నదమ్ముల ప్రేమ ఏ పాటిదో మన పల్లెటూళ్లలో పుట్టినవారికి ఒకరు చెప్పనక్కర్లేదు.

బృందం పేరు కూడా ఆస్తే. 1986లో పింక్ ఫ్లాయిడ్ పేరును మిగిలినవాళ్లు వాడుకోకూడదని రోజర్ వాటర్స్ కోర్టుకెక్కాడు. మరుసటి ఏడు రాజీ పడ్డారు. 2005 జూలై 2న లండన్ హైడ్ పార్కులో, లైవ్ 8 సభలో, ఆ నలుగురూ 24 ఏళ్ల తరవాత ఒక వేదిక ఎక్కారు. నాకు తెలిసిన పునస్సమాగమాలన్నింటిలోకీ ఇది మర్యాదస్తుల పని. ఆ సభ కారణంగా తమ పాత ఆల్బమ్‌ల అమ్మకం పెరిగితే, ఆ పెరిగిన లాభంలో తన వాటా ధర్మానికి ఇస్తానని డేవిడ్ గిల్మోర్ చెప్పాడు. పర్యటనకు పిలిచినవారికి పొమ్మన్నాడు. 2008లో రిక్ రైట్ పోయాడు. 2024 అక్టోబరులో పాత రికార్డింగులతోపాటు ఆ పేరు మీది హక్కులు సోనీ కంపెనీకి వెళ్లాయి, సుమారు 40 కోట్ల డాలర్లకని పత్రికలు రాశాయి. కొట్లాడుకున్న వస్తువును చివరకు కలిసి అమ్ముకున్నారు.

ఇక నాకు ఇష్టమైన బృందం సంగతి. బ్లాక్ సబ్బాత్ వాళ్లు నలుగురూ బర్మింగ్‌హామ్‌లో కార్మికుల ఇళ్లలో పుట్టినవాళ్లు. టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో పని చేస్తూ, 17వ యేట, ఇక మానేస్తానన్న ఆఖరి రోజున, యంత్రం కింద కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. కొసలకు తొడుగులు తయారు చేసుకుని, గిటారు తీగల బిగువు తగ్గించి వాయించటం అలవాటు చేసుకున్నాడు. హెవీ మెటల్ అని తరవాత పిలవబడిన ఆ బరువైన, మందమైన నాదంలో ఆ కర్మాగారం యంత్రం వుంది. ఆజీ ఆస్‌బోర్న్ కబేళాలో పని చేసినవాడు. మన మిత్రులు శ్రామిక సంస్కృతి అని వ్యాసాలు రాస్తారు. అది ఎదురుగా వచ్చి నిలబడితే జుట్టు పొడుగ్గా వుందని గుర్తుపట్టరు.

ఈ బృందం తిరిగి కలుస్తామని ప్రకటించిన కొద్ది నెలలకు, 2012 ఫిబ్రవరిలో, డ్రమ్మర్ బిల్ వార్డ్ ఒక ప్రకటన చేశాడు: సంతకం పెట్టదగిన ఒప్పందం ఇస్తేగాని రాను అని. వార్డ్ ఆరోగ్యం అంత శ్రమకు చాలదని అవతలివాళ్లు తరవాత చెప్పారు. అదీ నిజమే కావచ్చు. ఏమైనా తక్కిన ముగ్గురూ మరొక డ్రమ్మర్‌ను పెట్టుకుని సాగిపోయారు. కొత్త ఆల్బమ్ వచ్చింది, వీడ్కోలు పర్యటన జరిగింది, 2017లో సొంత వూళ్లో ముగింపు కూడా అయింది. వార్డ్ లేకుండా. 1968 నుంచి కలిసి వాయించిన మనిషికి తన వాటా అడగటానికి పత్రికా ప్రకటన తప్ప మరో సాధనం లేకపోయింది. అతడి వెనక ఒక సంఘం లేదు, ఒక నియమావళి లేదు. అమెరికాలో వాద్యకారుల సంఘం వుంది, ఇంగ్లండులోనూ వుంది. కాని బృందం లోపలి పంపకాల్లో ఆ సంఘాల మాట సాగదు. ఎందుకంటే అక్కడ యజమాని, కూలీ అని ఎవరూ లేరు గదా, అందరూ అన్నదమ్ములే గదా!

2025 జూలై 5న విల్లా పార్కులో ఆ నలుగురూ కలిశారు. వార్డ్ వచ్చాడు. పార్కిన్‌సన్స్ జబ్బుతో నడవలేని ఆస్‌బోర్న్ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. నాలుగు పాటలు వాయించారు. రాబడి పిల్లల ఆస్పత్రికీ, మరి రెండు ధర్మ సంస్థలకూ అన్నారు. 17 రోజులకు ఆస్‌బోర్న్ చనిపోయాడు. ఆ రాత్రి నన్ను కదిలించలేదని నేను బొంకను. పంచుకోవలసిన లాభం ఎదుట లేనప్పుడు ఆ నలుగురి మధ్య ఏమి మిగిలి వుందో అది కనబడింది.

ఇప్పుడు బాస్కెట్‌బాల్‌కు వస్తాను. 1964 జనవరి 14న బోస్టన్‌లో ఆల్‌స్టార్ ఆట. టెలివిజన్‌లో రాత్రి ముఖ్యమైన వేళలో ప్రసారం కానున్నది. బిల్ రసెల్, విల్ట్ చాంబర్లేన్, ఆస్కార్ రాబర్ట్‌సన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ వంటి 20 మంది దుస్తులు మార్చుకునే గదిలోనుంచి బయటికి రాము అన్నారు. వాళ్లకు సంఘం వుంది. 1954లో బాబ్ కూజీ పెట్టినది. పింఛను ఇస్తామని యజమానులు ఏళ్ల తరబడి చెప్పటమే గాని చేసింది లేదు. ఒక జట్టు యజమాని తన ఆటగాళ్లను బెదిరిస్తూ కబురు పంపాడు. దానితో మెత్తబడినవాళ్లు కూడా గట్టిపడ్డారు. ప్రసార వేళ దాటిపోతుంటే లీగు కమిషనర్ వాల్టర్ కెనెడీ మాట ఇచ్చాడు. అప్పుడు బయటికి వచ్చి ఆడారు. ఆ రాత్రి ఉత్తమ ఆటగాడు రాబర్ట్‌సన్. అతడే 1970లో సంఘం పక్షాన దావా వేశాడు. 1976లో అది రాజీ అయ్యేసరికి, ఆటగాణ్ణి ఒకే యజమానికి కట్టిపడేసే షరతు సడలిపోయింది. నేడు ఆ లీగు రాబడిలో ఇంచుమించు సగం సమష్టి ఒప్పందం ప్రకారం ఆటగాళ్లకు పోతున్నది.

వాళ్లు కోటీశ్వరులు కదా, వాళ్ల సంఘమేమిటని మిత్రులు నవ్వుతారు. 1964లో వాళ్లు వేసవిలో వేరే ఉద్యోగాలు చేసుకునేవాళ్లు. తరవాతి తరం కోటీశ్వరులు కావటానికి ఆ గది తలుపు ఒక కారణం. రసెల్‌కూ చాంబర్లేన్‌కూ మధ్య పోటీ ఎంతటిదో ఆ ఆట తెలిసినవారికి తెలుసు. అయినా ఆ రాత్రి ఒకే పక్షాన వున్నారు, అన్నదమ్ములమనుకుని కాదు, ఒకే రకం జీతగాళ్లమనుకుని. తాము పనివాళ్లమని ఒప్పుకున్నచోట హక్కు వచ్చింది. తాము ప్రతిభావంతులమైన సోదరులమనుకున్నచోట డ్రమ్మర్ ఇంట్లో కూర్చున్నాడు. కన్నీళ్లవారికి నా జవాబు ఇదే.

ఇంకో తేడా కూడా వుంది. రాక్ వేదిక మీద గొంతు పోతే శ్రుతి తగ్గించవచ్చు, సాయానికి నలుగురిని వెనక నిలబెట్టవచ్చు, జనమే పాడేస్తారు. బంతి ఆటలో ఆ సౌకర్యం లేదు. మైకేల్ జోర్డన్ 2001లో రెండోసారి విరమణ మాని వాషింగ్టన్ జట్టులో చేరాడు, 38 ఏళ్ల వయసున. మొదటి ఏడాది జీతం సెప్టెంబరు 11 బాధితుల సహాయానికి ఇచ్చాడు. ఆ డిసెంబరు 27న అతడు చేసినవి 6 పాయింట్లు. రెండు రోజుల తరవాత 51. పదడుగుల ఎత్తున వున్న ఆ కమ్మీ పాత కీర్తిని బట్టి కిందికి దిగదు. అంచేత నాకు ఆ 6 పాయింట్ల ఆట కూడా ఇష్టమే.

అయితే ఆటగాళ్లకు సంఘం వుంది, అభిమానికి లేదు. సియాటిల్ సూపర్‌సోనిక్స్ ఆ నగరంలో 41 ఏళ్లు ఆడారు, 1979లో లీగు గెలిచారు. 2006లో స్టార్‌బక్స్ కాఫీ కంపెనీ అధిపతి హోవర్డ్ షుల్జ్ నాయకత్వంలోని యజమానులు ఆ జట్టును 35 కోట్ల డాలర్లకు ఓక్లహోమా ధనికులకు అమ్మారు. క్రీడాశాలకు ప్రజల సొమ్ము ధారపోయరాదని ఆ ఏడు నవంబరులోనే సియాటిల్ ఓటర్లు భారీ మెజారిటీతో తీర్మానించారు. 2008లో యజమానులు నగరానికి 4.5 కోట్ల డాలర్లు కట్టి జట్టును ఓక్లహోమా సిటీకి తరలించారు. జట్టు పేరూ రంగులూ మాత్రం సియాటిల్‌లో వుండిపోయాయి. అదే ఓక్లహోమా సిటీలో 2023 డిసెంబరులో, కనీసం 90 కోట్ల డాలర్ల కొత్త క్రీడాశాలకు అమ్మకపు పన్ను చెల్లించటానికి జనం ఓటు వేశారు. యజమానులు ఇచ్చేది 5 కోట్లు. వెయ్యకపోతే ఏమవుతుందో వాళ్లకు సియాటిల్ చెప్పింది.

పెదవి విరిచే మిత్రులు ఇక్కడైనా కాస్త ఆగాలి. 50 ఏళ్లు జనం గుర్తుపెట్టుకున్నందుకే ఒక పేరు 40 కోట్లు పలికింది. ఆ జనాన్ని మోసపోయిన మందగా తీసిపారేస్తే, మోసం చేసేవాడితో మనకిక పేచీ ఏముంటుంది? 2024 ఆగస్టులో ఒయాసిస్ టికెట్ల కోసం గంటల తరబడి వేచివున్న ఇంగ్లీషు కుర్రవాళ్ల కళ్లెదుట, 150 పౌన్ల లోపు అనుకున్న నిలుచునే టికెట్టు 350 దాటింది. వాళ్లు గోల చేశారు. పోటీ వ్యవహారాల సంస్థ విచారణకు దిగింది. అది కూలి పోరాటం కాదు, నిజమే. కాని అందులో ఒక పేచీ వుంది, దానికి మన దగ్గర మాట లేదు.

సియాటిల్ వాళ్లే అయిన పెర్ల్ జామ్ ఆ మాట వెతికారు. వీళ్లు మొదట్లో తమ బృందానికి మూకీ బ్లేలాక్ అనే బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరు పెట్టుకున్నారు. మొదటి ఆల్బమ్ టెన్ అతడి చొక్కా మీది అంకె. 1994లో, తమ టికెట్ల మీద టికెట్‌మాస్టర్ వేసే రుసుము అన్యాయమని అమెరికా ప్రభుత్వానికి ఫిర్యాదు చేసి, కాంగ్రెసు ఉపసంఘం ముందు సాక్ష్యం చెప్పారు. పర్యటన మానుకున్నారు. మరుసటి ఏడు ప్రభుత్వం విచారణ మూసేసింది. తోటి బృందాలు కలిసి నిలబడి వుంటే ఏమయ్యేదో అడగకుండా వుండలేను; 1964లో ఆ గదిలో ఒక్కరు కాదు, 20 మంది వున్నారు. 2010లో టికెట్‌మాస్టర్ లైవ్ నేషన్‌తో కలిసిపోయింది. ఆ కలిసిన కంపెనీ మీద ప్రభుత్వం 2024 మేలో దావా వేసింది.

ఈ కథలో అన్ని చోట్లా కనబడే మనిషి ఒకడున్నాడు. ఇర్వింగ్ ఎజాఫ్ ఈగిల్స్‌కు మేనేజరు. టికెట్‌మాస్టర్‌కు అధిపతి అయ్యాడు. విలీనం తరవాత లైవ్ నేషన్‌లో 2012 దాకా పెద్ద పదవిలో వున్నాడు. 2015లో అతడు మరొకరితో కలిసి స్థాపించిన కంపెనీయే, సోనిక్స్ ఖాళీ చేసిన సియాటిల్ క్రీడాశాలను తిరిగి కట్టింది. 2021లో తెరిచిన ఆ భవనానికి పేరు పెట్టే హక్కు అమెజాన్ కొనుక్కుంది. అక్కడ రాక్ కచేరీలు జరుగుతాయి. స్టార్మ్ అనే మహిళల బాస్కెట్‌బాల్ జట్టు ఆడుతుంది. పురుషుల జట్టు వెళ్లిపోయిన ఏడే కొందరు స్థానిక మహిళలు దాన్ని కోటి డాలర్లకు కొని వూళ్లో నిలిపారు, అంతకుముందొకసారీ ఆ తరవాత మూడుసార్లూ అది లీగు గెలిచింది. ఆ కొన్నవాళ్లూ డబ్బున్నవాళ్లేనని మిత్రులు అంటారు. అనండి. అభిమానులే కొనుక్కునే వీలు ఎట్లా వస్తుందో కూడా ఈ పత్రికలోనే రాయండి, చదివి జవాబిస్తాను.