గోడకు అవతలి వాటా

మా కాలేజీలో చదివి లండనులో స్థిరపడిన శిష్యుడొకడు మొన్న ఆదివారం ఫోను చేశాడు. "మాస్టారూ, భావకవిత్వం పాఠంలో మీరు ఎప్పుడూ చెబుతూండే ఆ కీట్సు ఇంట్లో నిలబడి వున్నానండీ. రెండు వాటాల ఇల్లన్నారు. నాకు ఒక్క ఇల్లే కనిపిస్తోంది. నడిమి గోడ ఏదండీ?" అన్నాడు. ఈ కుర్రవాడు క్లాసులో ఆఖరి బెంచీ మీద కూర్చుని కిటికీలోంచి చూస్తూండేవాడు. విన్నాడన్నమాట!

ఫోనులో సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం పాఠకులకు చెబుతాను.

రెండు వాటాల ఇల్లంటే మనవాళ్లకు ఎవరూ వివరించనక్కరలేదు. అన్నదమ్ములు వేరుపడితే నడవలో గోడ లేస్తుంది. దూలం ఒకటే, పెంకు ఒకటే, పొయ్యిలు రెండు. మా తాతగారి ఇల్లు అలాంటిదే. గోడకు ఇవతల మేము, అవతల మా బాబాయి. ఆయన రాత్రిపూట దగ్గితే మా అమ్మ ఇవతల మేలుకునేది. మాటలు లేని రోజుల్లో కూడా మేలుకునేది.

హాంప్‌స్టెడ్‌లోని ఆ ఇల్లు మాత్రం పంపకాల వల్ల పుట్టినది కాదు. చార్లెస్ వెంట్‌వర్త్ డిల్కు, చార్లెస్ బ్రౌను అనే ఇద్దరు స్నేహితులు 1815 ప్రాంతంలో కలిసి కట్టించుకున్నారు. వీధిలోంచి చూస్తే ఒకటే తెల్లని ఇల్లు. లోపల గోడ, గోడకు అటూ ఇటూ రెండు కాపురాలు, చుట్టూ ఉమ్మడి తోట. డిల్కు పేరులోని నడిమి మాట పెట్టి వెంట్‌వర్త్ ప్లేస్ అని పిలుచుకున్నారు.

1818 డిసెంబరు 1న కీట్సు తమ్ముడు టామ్ క్షయతో చనిపోయాడు. పందొమ్మిదేళ్లవాడు. దగ్గర కూర్చుని సేవ చేసినవాడు అన్నగారే. ఆ దుఃఖంలో వున్నవాణ్ణి బ్రౌను తన వాటాలోకి రమ్మన్నాడు. ఊరికే కాదు సుమా! నెలకు 5 పవున్లు, సారాయి ఖర్చులో సగం. కవుల చరిత్రలు రాసేటప్పుడు మనవాళ్లు ఇలాంటి లెక్కలు చెప్పడానికి మొహమాటపడతారు. నాకైతే అద్దె ఎంత ఇచ్చాడో తెలిస్తేనే మనిషి మనిషిగా కనిపిస్తాడు.

బ్రౌనుకు ఇంకొక అలవాటు వుంది. వేసవి రాగానే తన వాటాను ఎవరికైనా అద్దెకిచ్చి తాను దేశం మీదికి పోయేవాడు. 1818 వేసవిలో కీట్సును వెంటబెట్టుకుని స్కాట్లండులో కాలినడకన తిరిగాడు. ఆ నెలల్లో ఇంట్లో అద్దెకున్నది బ్రాన్ అనే వితంతువు, ఆమె పిల్లలు. పెద్ద కూతురు ఫానీకి పద్ధెనిమిదేళ్లు. గడువు తీరగానే వాళ్లు దగ్గరలోనే వేరే ఇంటికి మారారు. కాని డిల్కు వాళ్లతో స్నేహం కలిసింది, రాకపోకలు సాగాయి. కీట్సు ఆమెను ఎరిగింది ఆ రాకపోకల్లోనే.

1819 ఏప్రిల్‌లో డిల్కు దంపతులు కొడుకును వెస్ట్‌మినిస్టర్ స్కూల్లో చదివించడానికి ఆ పేటకే కాపురం మార్చారు. ఖాళీ అయిన వాటాలో బ్రాన్ కుటుంబం దిగింది. ఒక పిల్లవాడి చదువు కోసం ఒక కుటుంబం కదిలింది. దానితో కీట్సుకూ ఫానీకీ మధ్య ఒక్క గోడే మిగిలింది. మనం విధి అంటాం. ఇంటి బ్రోకరు అయితే మరో మాట అంటాడు.

ఆ వసంతంలోనే కీట్సు పొద్దుటి ఫలహారం బల్ల దగ్గరి కుర్చీని తోటలోకి తీసుకుపోయి, ప్లమ్ చెట్టు కింద వేసుకుని రెండు మూడు గంటలు కూర్చున్నాడనీ, తిరిగి వచ్చి చేతిలోని కాగితపు ముక్కలను పుస్తకాల వెనక తోస్తుంటే తాను చూశాననీ బ్రౌను తరవాత రాసుకున్నాడు. ఇంటి దగ్గర గూడు కట్టుకున్న నైటింగేల్ పిట్ట మీది గీతమది. ఇంగ్లీషు కవిత్వం చదివిన మన భావకవుల్లో దాన్ని ఎరగనివారు అరుదు.

ఫానీతో పెళ్లి నిశ్చయం చేసుకున్నాడు. చేతిలో డబ్బు లేదు. 1820 ఫిబ్రవరి 3వ తేదీ రాత్రి చలిలో బండి పైభాగాన కూర్చుని ప్రయాణం చేసి, జ్వరంతో ఇంటికి చేరాడు. పడుకోబోతూ దగ్గితే దుప్పటి మీద రక్తం పడింది. దీపం తెమ్మని, ఆ చుక్క రంగు చూసి, తనకు చావు తప్పదని బ్రౌనుతో నిబ్బరంగా చెప్పాడు. వైద్యం చదివినవాడు, తమ్ముణ్ణి కళ్లారా చూసినవాడు. ఎవరు బుజ్జగిస్తే నమ్ముతాడు?

ఆ తరవాతి వారాలు తలచుకుంటే నాకు గుండె బరువెక్కుతుంది. ఉద్రేకం కూడదన్నారు. గోడకు ఇవతల మంచం మీద ఆయన, అవతల ఆమె. ఎప్పుడో కాసేపు చూపులు, మిగతా పొద్దంతా చీటీలు. పక్క వాటాకు ఉత్తరాలు రాసుకోవలసి వచ్చిన ప్రేమ అది. వేసవి రాగానే బ్రౌను అలవాటు ప్రకారం వాటా అద్దెకిచ్చేశాడు. రోగి వేరే చోటు వెతుక్కున్నాడు. (బ్రౌను చెడ్డవాడు కాడు. డబ్బు అవసరం వున్నవాడు. అయినా ఈ ఒక్క విషయంలో ఆయన మీద నాకు కోపం తగ్గదు.) ఆగస్టులో జబ్బు ముదిరి తిరిగివస్తే, ఈసారి బ్రాన్ వారి వాటాలోనే చేర్చుకున్నారు. తల్లీ కూతురూ నెల రోజులు సేవ చేశారు. గోడ దాటడానికి ఆయనకు మరణం దగ్గర పడవలసి వచ్చింది. సెప్టెంబరు 13న ఇటలీ ప్రయాణానికి ఇల్లు విడిచాడు. 1821 ఫిబ్రవరి 23న రోములో పోయాడు. ఇరవై అయిదేళ్లు. ఫానీ రాసిన ఉత్తరాలు కొన్ని విప్పకుండానే ఆయనతో పూడ్చారు.

ఇల్లు మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. 1822లో బ్రౌను ఇటలీ వెళ్లిపోయాడు. 1828లో కీట్సు చెల్లెలు తన స్పెయిను దేశపు భర్తతో వచ్చి, అన్న బ్రతికిన వాటాలోనే కాపురం పెట్టింది. ఆమె పేరూ ఫానీయే. ఆ మరుసటి ఏడాది బ్రాన్ వారి తల్లి ఎవరినో సాగనంపడానికి దీపం పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, బట్టలంటుకుని చనిపోయింది. క్రమంగా అందరూ కదిలిపోయారు.

1839 ప్రాంతంలో ఎలిజా చెస్టర్ అనే మాజీ నటి రెండు వాటాలూ కొన్నది. నడిమి గోడలో దారులు తీయించి ఒకే ఇల్లు చేసింది. పక్కన పెద్ద భోజనశాల కట్టించింది. మా శిష్యుడికి గోడ కనిపించకపోవడానికి కారణం ఆవిడ. తప్పుపట్టను. కీట్సు పేరు అప్పటికి లోకం నోట పడలేదు. ఆవిడ కొన్నది ఇల్లు, స్మారకం కాదు.

తరవాత చేతులు మారింది, పేర్లు మారింది. 1920లో అమ్మకానికి వచ్చి, కూల్చివేతకు సిద్ధమైనప్పుడు జనం చందాలెత్తారు. ఎక్కువ డబ్బు అమెరికా నుంచి వచ్చింది. 1925 మే 9న ప్రజల కోసం తలుపులు తెరిచారు. 1931లో పక్కన గ్రంథాలయం కట్టారు. 1997 నుంచి లండను నగర కార్పొరేషను చూస్తోంది. మన వైపు రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారి ఇల్లు, విజయనగరంలో గురజాడవారి ఇల్లు నిలిచాయి. నిలవని వాటి జాబితా మొదలుపెడితే ఈ పేజీ చాలదు.

పోయిన గోడను మళ్లీ కట్టాలా అని ఎవరైనా అడిగితే నేను వద్దంటాను. నటి కట్టించిన గదిలోనే ఇప్పుడు కవితా గోష్ఠులు జరుగుతున్నాయట. కవిగారి ఇంట్లో కవిత్వం చదవడానికి చోటు, కవిని ఎరగని మనిషి వల్ల ఏర్పడింది.

"మరి ఇప్పుడేం చూడమంటారు మాస్టారూ?" అన్నాడు కుర్రవాడు.

"ఆయన ఆమెకిచ్చిన ఉంగరం అక్కడే వుంటుంది, వెతుకు" అన్నాను. ఆమె పన్నెండేళ్లు ఆగి మరొకరిని పెళ్లాడింది, పిల్లల్ని కన్నది, 1865లో పోయింది. ఉత్తరాలూ ఉంగరమూ మాత్రం పారేయలేదు.

ఫోనులో కాసేపు అడుగుల చప్పుడు. "వుందండీ. ఎర్రటి రాయి" అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అడగలేదు.

మా తాతగారి ఇల్లు కొన్నవారు కూడా గోడ తీసేశారు. ఒకసారి వెళ్లి, మా అమ్మ మంచం వుండే చోటు ఏదో పోల్చుకుందామని చూశాను. ఇప్పుడక్కడ కుట్టుమిషన్లు నడుస్తున్నాయి.