బోరుకు అనుమతి ఉంది, నీటికి లెక్క లేదు

కృష్ణా నీటి గురించి రెండు తెలుగు రాష్ట్రాలు టీఎంసీల్లోనే మాట్లాడతాయి. బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 811 టీఎంసీలను ఎలా పంచుకోవాలన్న తగవు విభజన తర్వాత బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఏ ప్రాజెక్టు గేట్లు ఎప్పుడు ఎత్తారు, ఏ కాలువకు ఎన్ని క్యూసెక్కులు వదిలారు అన్నది వానాకాలమంతా పత్రికల్లో కనిపించే లెక్క. అదే బచావత్ తుది ఉత్తర్వులో పెద్దగా ఎవరూ ప్రస్తావించని నిబంధన ఒకటుంది. కృష్ణా పరీవాహక ప్రాంతంలోని భూగర్భ జలాన్ని ఆయా రాష్ట్రాలు స్వేచ్ఛగా వాడుకోవచ్చు. ఆ వాడకాన్ని నదీజల వినియోగం కింద జమకట్టరాదు. 1970ల్లో, మోటబావులు పోయి ఆయిల్ ఇంజిన్లు, కరెంటు మోటార్లు వస్తున్న రోజుల్లో, ఇది పెద్ద విషయంగా తోచి ఉండదు. ఇవాళ తెలంగాణలోనూ రాయలసీమలోనూ కాలువ అందని పొలానికి బోరే దిక్కు. ఆ బోర్ల నుంచి ఎవరు ఎంత తోడుతున్నారో చెప్పగల రిజిస్టరు మాత్రం ఏ ప్రభుత్వ కార్యాలయంలోనూ దొరకదు.

దీని వేళ్లు వలస పాలనలో ఉన్నాయి. 1905 నాటి మద్రాసు భూఆక్రమణ చట్టం నదులు, వాగులు, చెరువులు, నిలిచిన నీరు, పారే నీరు ప్రభుత్వ ఆస్తి అని ప్రకటించింది. అంతకు ముందే, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం, నిర్దిష్టమైన ప్రవాహంగా లేని భూగర్భ జలాన్ని తన హద్దుల్లో తోడుకునే హక్కు భూయజమానికి ఉందని ఉదాహరణగా చెప్పింది. నేల మీది నీరు సర్కారుది, నేల కింది నీరు పట్టాదారుది. ఈ విభజన వల్ల భూమి లేనివాడికి పాతాళంలోనూ వాటా లేకుండా పోయింది. భూమి ఉన్నవాడి హక్కూ గట్టిదేమీ కాదు. పక్క పొలంలో మరో రెండొందల అడుగుల లోతుకు బోరు వేసి నీరంతా లాగేస్తే ఇతడి బోరు ఎండుతుంది. అప్పుడు కోర్టుకెళ్లి గెలవడానికి ఆ పాత సూత్రంలో ఆధారం ఉండదు, ఎందుకంటే పక్కవాడూ తన హద్దుల్లోనే తోడాడు. మన మెట్ట ప్రాంతాల్లో చాలా భాగం గట్టి రాతి నేల. నీరు పైన చివికిన పొరలోనూ, లోపల రాతి పగుళ్లలోనూ మాత్రమే నిలుస్తుంది. ఆ పగుళ్లకు సర్వే నంబర్లు తెలియవు.

ఈ చిక్కు విప్పడానికే ఉమ్మడి రాష్ట్రం ముందు 1996లో తాగునీటి రక్షణ కోసం భూగర్భ జల నియంత్రణ చట్టం, తర్వాత దాని స్థానంలో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చింది. అందరూ వాల్టా అని పిలిచేది దీన్నే. బావుల నమోదు, రిగ్గు యజమానుల రిజిస్ట్రేషన్, ప్రజల తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరుకు అనుమతి తప్పనిసరి చేయడం, అతిగా తోడేసిన ప్రాంతాలను ప్రకటించి అక్కడ కొత్త బోర్లను ఆపడం వంటి ఏర్పాట్లన్నీ అందులో ఉన్నాయి. దేశంలో చాలా రాష్ట్రాలకు ఇలాంటి చట్టమే లేని రోజుల్లో వచ్చింది కనుక దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. అయితే ఆచరణలో అది అనుమతి ఇచ్చేది గుంతకు, నీటికి కాదు. బోరు ఎక్కడ వేయాలి, వేయొచ్చా లేదా అన్న ప్రశ్నకు జవాబు రాగానే ఫైలు మూతపడుతుంది. ఆ బోరు కింద ఎన్ని ఎకరాలు, ఏ పంట, ఏటా ఎంత నీరు, కరువు ఏడాదిలో ఎవరు ముందు ఆపాలి అన్న ప్రశ్నలు ఆ ఫైల్లో ఉండవు. నీరు తోడడాన్ని తాత్కాలికంగా నిషేధించే అధికారం చట్టంలో లేకపోలేదు. కానీ ఎవరు ఎంత తోడుతున్నారో తెలియనప్పుడు ఆ అధికారాన్ని వాడేదెలా? ఊరందరి మోటార్లూ ఒక్కసారి ఆపించగల తహసీల్దారు ఈ రాష్ట్రాల్లో ఇంకా పుట్టలేదు.

ఈ పని చేయాల్సిన యంత్రాంగాన్ని చూస్తే లోపం ఇంకా స్పష్టమవుతుంది. దరఖాస్తు మీసేవలో పడుతుంది. మండల స్థాయిలో బాధ్యత తహసీల్దారుది. భూమి తగాదాలు, ధ్రువపత్రాలు, ఎన్నికల జాబితాలు, ప్రొటోకాల్ పనుల నడుమ ఆయనకు వాల్టా ఎన్నో పని అవుతుంది. సాంకేతిక అభిప్రాయం చెప్పాల్సిన భూగర్భ జల శాఖ పరిశీలక బావుల్లో నీటిమట్టాన్ని కొలిచి ఏటేటా నివేదికలు ఇస్తుంది. ఆ శాఖ దగ్గర సైన్సు ఉంది, అధికారం లేదు. మూడోది విద్యుత్ పంపిణీ సంస్థ. మోటారు ఎన్ని హార్స్‌పవర్లదో, సర్వీసు నంబరు ఎంతో, ఏ ఫీడరు కిందిదో తెలిసినవాడు లైన్‌మన్ ఒక్కడే. ఆ సంస్థకు నీటితో సంబంధం లేదు. అనుమతి లేకుండా వేసిన బోరుకు అనధికారంగా తీగ తగిలించుకోవడం, కొన్నాళ్లకు డీడీ కట్టించుకుని దాన్ని క్రమబద్ధీకరించడం మనకు కొత్త కాదు. ఒక శాఖ కాదన్నదాన్ని మరో శాఖ ఇలా ఔననిపిస్తుంది. నీటి హక్కుల నిర్వహణే ఉద్యోగంగా ఉన్న మనిషి మాత్రం ఈ గొలుసులో ఎక్కడా కనిపించడు. కాలువ మీద లస్కరైనా ఉంటాడు.

ఇలా గుంతకు మాత్రమే అనుమతి ఇచ్చే పద్ధతి తటస్థమైనదని అనుకుంటే పొరపాటు. అతిగా తోడిన గ్రామం అని ప్రకటించగానే అక్కడ కొత్త బోరుకు తలుపు మూసుకుంటుంది. అప్పటికే నాలుగు బోర్లున్న ఆసామి రబీలో వరి వేసుకోవడానికి అడ్డేమీ ఉండదు. ఆలస్యంగా వచ్చినవాడు ఎవరు? అసైన్డ్ భూమి దక్కిన దళిత రైతు, అన్నదమ్ముల పంపకాల్లో బావి లేని చెక్క వచ్చిన తమ్ముడు, అప్పు పుట్టడానికే పదేళ్లు పట్టిన సన్నకారు రైతు. ఊరి నీరు కరిగిపోవడానికి కారకులు ముందు వచ్చినవారైతే, శిక్ష చివర వచ్చినవారికి పడుతోంది. ఆ రైతు ఊరుకుంటాడా? రాత్రికి రాత్రి రిగ్గు తెప్పిస్తాడు. పైగా ప్రభుత్వమే రెండు నాల్కలతో మాట్లాడుతుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఉచిత విద్యుత్తు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణ సాగుకు 24 గంటలూ ఇచ్చింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ఉచిత బోర్ల పథకం ప్రారంభించింది. రైతుకు ఆసరాగా వీటిని సమర్థించవచ్చు. నీటి లెక్క పక్కన లేకుండా ఇచ్చినప్పుడు మాత్రం ఇవి నీటిమట్టాన్ని కిందికి తోసే పథకాలే అవుతాయి.

బోరు నీటికి లెక్క, పరిమితి పెట్టాలంటే వచ్చే అభ్యంతరాల్లో అన్నిటికన్నా బలమైనది న్యాయానికి సంబంధించినది. డెల్టా రైతుకు ప్రజాధనంతో కట్టిన ఆనకట్ట నుంచి కాలువ నీరు వస్తుంది. మెట్ట రైతు సొంత డబ్బుతో, తరచు అప్పుతో, ఒకటికి మూడు బోర్లు వేసి రెండు ఎండగా మిగిలిన ఒక్కదానితో బతుకుతాడు. అలాంటివాడి మీద లైసెన్సు, పరిమితి రుద్దడం అన్యాయం కాదా? బాధ నిజమైనదే. కాలువ ఆయకట్టులో అదనపు వాడకాన్ని వదిలేసి బోరు రైతునొక్కడినే పట్టుకునే ప్రతిపాదనను ఎవరూ ఒప్పుకోనక్కర్లేదు. కానీ ఈ వాదన నిజానికి హక్కు కావాలనే చెబుతోంది. లక్షలు పోసిన బోరును రేపు పక్కవాడి రిగ్గు నుంచి కాపాడేది ఏమిటి? ఇవాళ ఏమీ లేదు. ఫలానా సర్వే నంబరులో ఫలానా ఏడాది వేసిన బోరు, దీనికి ఇంత ఆరుతడి సాగుకు సరిపడా నీరు, ఈ వాటాను దెబ్బతీసేలా మరో బోరు రాకూడదు అని రాసి ఇచ్చిన కాగితం ఆ రైతుకు రక్షణ. పరిమితి లేని హక్కు బలహీనుడికి ఎప్పుడూ దక్కదు, లోతుకు వెళ్లగలిగినవాడికే దక్కుతుంది.

రెండో అభ్యంతరం ఆచరణది. లక్షల బోర్లను కొలవగలమా, మీటరు అన్న మాట ఎత్తితే ఏ ప్రభుత్వమైనా నిలుస్తుందా అంటారు. మీటరు రాజకీయాన్ని తక్కువ అంచనా వేయలేం. అయితే ప్రతి బోరుకూ మీటరు ఉంటేనే లెక్క తేలుతుందన్నది నిజం కాదు. 2000ల్లో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో రైతులే భూగర్భ జలాన్ని నిర్వహించుకునే ప్రాజెక్టు నడిచింది. వందలాది గ్రామాల్లో రైతులు తామే వానను కొలిచి, బావుల్లో నీటిమట్టం చూసి, ఏటా రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. ఊరి నీటిని కొలవడానికి పెద్ద చదువులు అవసరం లేదని అది తేల్చింది. ఆ లెక్కకు చట్టబలం లేకపోవడమే దాని లోపం. బడ్జెట్‌కు ఒప్పుకోని ఒక్క రైతు బోరు వేస్తే ఆపే అధికారం ఆ సంఘాలకు లేదు. పంజాబ్ మరో దారి పట్టింది. 2009 నాటి చట్టంతో నిర్ణీత తేదీకి ముందు వరి నాట్లు వేయడాన్ని నిషేధించింది. బోరులో నీరెంతో కనిపించదు గానీ నాటిన మడి దారిన పోయేవాడికీ కనిపిస్తుంది. ఆ చట్టం పంజాబ్ సమస్యను తీర్చలేదు, కనిపించేదాన్ని నియంత్రిస్తే అమలు తేలికని మాత్రం చూపింది. మనకూ ఫీడరు వారీగా కరెంటు లెక్క, పంట నమోదు, పరిశీలక బావులు ఉన్నాయి. ఈ మూడూ కలిపితే గ్రామం స్థాయిలో చాలినంత దగ్గరి అంచనా వస్తుంది. మనవాళ్ల చేతగానితనం అని సరిపెట్టుకునేవారికి ఒక మాట: 1914 నుంచి నదీజలాలకు అనుమతులిస్తున్న కాలిఫోర్నియా కూడా భూగర్భ జలానికి సమగ్ర చట్టం 2014 దాకా చేయలేదు.

మూడో అభ్యంతరం, లైసెన్సు పెరిగితే లంచం పెరుగుతుందన్నది. లంచం అనుమతుల సంఖ్యను బట్టి కాక, చీకట్లో ఒక్కడి చేతిలో ఉన్న విచక్షణను బట్టి పెరుగుతుందని ఒప్పుకుంటే జవాబు దొరుకుతుంది. బోర్ల జాబితా, తేదీ, సర్వీసు నంబరు, సాగు విస్తీర్ణం గ్రామ సచివాలయం గోడ మీదో పంచాయతీ కార్యాలయంలోనో అతికిస్తే తప్పుడు నమోదును మొదట పట్టేది పక్క పొలం రైతే. అయినా కొంత అవినీతి మిగులుతుంది. ఇప్పుడున్నదానికన్నా అది తక్కువా ఎక్కువా అన్నదే చూడాల్సింది.

పరిమాణం రాసి అనుమతి ఇవ్వడం మన దేశానికి తెలియని పనేమీ కాదు. 1996లో సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 1997లో ఏర్పడిన కేంద్ర భూగర్భ జల ప్రాధికార సంస్థ, సొంత నియంత్రణ లేని రాష్ట్రాల్లో పరిశ్రమలకిచ్చే నిరభ్యంతర పత్రంలో ఎంత తోడాలో రాస్తుంది, మీటరు పెట్టమంటుంది, గడువు తీరితే మళ్లీ దరఖాస్తు చేయమంటుంది. 2020 నాటి దాని మార్గదర్శకాలు వ్యవసాయానికి మాత్రం పూర్తి మినహాయింపునిచ్చాయి. దేశంలో తోడే భూగర్భ జలంలో దాదాపు 87 శాతం సాగుకే పోతోంది. అంటే లెక్క రాసేది చిన్న భాగానికి, వదిలేసింది పెద్ద భాగాన్ని. రైతును పరిశ్రమలా చూడమని దీనర్థం కాదు. ఒక్కో రైతుకు కాకుండా గ్రామానికి ఏడాది వాటా కట్టి, పంపకాన్ని చట్టబలం ఉన్న రైతు సంఘానికి అప్పగించడం మేలు. తాగునీటి వాటా మొదట తీసిపెట్టాలి. పాత బోర్లకు తేదీ ప్రకారం గుర్తింపు ఇస్తూనే ఒక్కరికి ఉండగల వాటాకు పైపరిమితి పెట్టాలి. అప్పుడే ఆలస్యంగా వచ్చిన సన్నకారు రైతుకు తలుపు తెరుచుకుంటుంది. సాగునీటి సంఘాలకు 1997లోనే చట్టం చేసి, పదివేలకు పైగా సంఘాలకు ఎన్నికలు జరిపింది ఉమ్మడి రాష్ట్రం. కాలువకు చేయగలిగింది బోరుకు ఎందుకు చేయలేదో నాటి నుంచి నేటి వరకు పాలకులెవరూ చెప్పలేదు.

రెండు రాష్ట్రాలూ ఢిల్లీ వైపు చూడాల్సిన పని లేదు. వాల్టా శాసనసభ చేసిన చట్టం, రాజ్యాంగం ఏడో షెడ్యూలు రాష్ట్ర జాబితాలో 17వ అంశం నీరు. బోరు నంబరును విద్యుత్ సర్వీసు నంబరుతో కలిపే పనికైతే చట్ట సవరణ కూడా అక్కర్లేదు. రెవెన్యూ, భూగర్భ జల, ఇంధన శాఖలు కలిసి ఒక్క ఉత్తర్వు ఇస్తే వచ్చే రబీకి ముందే మొదలుపెట్టవచ్చు.