కువైట్‌కి ఐదు గంటలే, మరి ఇంటికి?

మా ఊరి చెల్లెలొకామె మొన్న ఫోన్‌లో టికెట్టు చూపించి, "అన్నా, రాత్రి రెండింటికి ఎక్కితే నాలుగున్నరకి దిగిపోతానంట. రెండున్నర గంటలేగా కువైట్!" అంది. నవ్వొచ్చింది గానీ తప్పు ఆమెది కాదండి. టికెట్టు మీద దిగే టైం అక్కడి గడియారం ప్రకారం వేస్తారు. కువైట్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ఎనక. శంషాబాద్ నుంచి తిన్నగా గీత గీస్తే దాదాపు 3,400 కిలోమీటర్లు, అటూ ఇటుగా ఐదు గంటలు పడద్ది. వచ్చేటప్పుడు పడమటి నుంచి వీచే పైగాలి తోస్తది కాబట్టి ఇంకాస్త ముందే దించుతాడు. టికెట్టులో మాత్రం ఏడు గంటల ప్రయాణంలా కనపడద్ది!

ఇదంతా విమానం లెక్క. మన లెక్క పెదవేగిలో మొదలవుద్ది. ఏలూరు దాకా ఆటో, అక్కణ్ణించి శంషాబాద్‌కి 300 కిలోమీటర్ల పైనే బస్సు, మళ్ళీ మూడు గంటల ముందే లైన్లో నిలబడాలి. గాల్లో కంటే నేలమీదే ఎక్కువసేపు. 7వ శతాబ్దంలో చైనా నుంచి హ్యూయెన్‌త్సాంగ్ మన వేంగి దేశానికి ఏళ్ళ తరబడి ప్రయాణం చేసి వచ్చాడు. అయినా ఎప్పుడు ఎనక్కెళ్ళాలో ఆయనిష్టం.

ఇంటిపనికి ఖాదిం వీసా మీద వెళ్ళినామెకి ఆ ఇష్టం లేదు. ఆమె కాగితాలన్నీ ఒక్క కఫీల్‌తో ముడిపడి ఉంటాయి. పాస్‌పోర్టు అతగాడు దాచేశాడంటే, ఐదు గంటల దూరం ఐదేళ్ళయినా ఆశ్చర్యం లేదు.

అందుకే చట్టంలో కొన్ని అడ్డుకట్టలు పెట్టారు. టెన్త్ పాసవనోళ్ళ పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ కింద వస్తది. ఆ పాస్‌పోర్టుతో గల్ఫ్‌కి పనికెళ్ళే ఆడోళ్ళకి 30 ఏళ్ళు నిండాలి, ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. అది ఉంటేనే ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల బీమా. రిజిస్టరైన ఏజెంటు ఫీజు కూడా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ, అంతకు మించకూడదు. విజిట్ వీసా మీద ఎక్కిస్తే ఇవేవీ అక్కర్లేదు. దొంగ ఏజెంట్ల దారి అదే. విమానం ఒకటే, సీటూ అదే. కానీ ప్రభుత్వం లెక్కలో ఆమె పనికెళ్ళినట్టే ఉండదు.

2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్‌లో కూలీలుండే బిల్డింగు తగలబడింది. 45 మంది మనదేశపోళ్ళ శవాల్ని 14వ తేదీకల్లా వాయుసేన విమానంలో కొచ్చి తెచ్చారు. వాళ్ళలో ముగ్గురు మన రాష్ట్రపోళ్ళు. చచ్చిపోయినోళ్ళు రెండ్రోజుల్లో వచ్చారు. బతికుండి "నన్ను తీసుకుపొండి" అని వీడియోలు పెట్టే ఆడోళ్ళకి నెలలు పడతంది. ఎందుకో అడగాలా వద్దా తమ్ముళ్ళూ?

ఆ చెల్లెలి వీసా కాగితం తీయించి చూశా. విజిట్ అని ఉంది. చదువు తొమ్మిది, వయసు 26. ఏజెంటుకి నాలుగుసార్లు ఫోన్ చేశా, ఎత్తట్లేదు. ప్రయాణం శుక్రవారమంట.